యూనిట్ – 9: లూయీ ఆమ్ల–క్షారాల మధ్య సమయోజనీయేతర అన్యోన్యచర్యలు, వాటి బలం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ఉపోద్ఘాతం
9.2 పూర్తి బంధానికీ, బలహీన ఆకర్షణకూ మధ్య
9.3 అయోడిన్ లూయీ ఆమ్లం ఎలా అవుతుంది?
9.4 బలాన్ని తెలిపే రాశులు
9.5 సమతాస్థితి స్థిరాంకాన్ని కనుక్కోవడం
9.6 బలాన్ని నిర్ణయించే అంశాలు
9.7 ఒక్క కొలబద్ద చాలుతుందా?
9.8 అనువర్తనాలు
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు
9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:

• లూయీ ఆమ్ల–క్షారాల మధ్య బలహీన అన్యోన్యచర్యలను ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• సమతాస్థితి స్థిరాంకం, ఎంథాల్పీ మార్పు, బంధ దూరం – ఈ మూడూ బలం గురించి ఏం చెబుతాయో తేడా చూపగలుగుతారు.
• శోషణ విలువల నుంచి సమతాస్థితి స్థిరాంకాన్ని లెక్కించగలుగుతారు.
• క్షారాల బలాన్ని ఒకే వరసలో అమర్చడం ఎందుకు సాధ్యం కాదో చెప్పగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

ఎలక్ట్రాన్ జంటను ఇచ్చేది క్షారమనీ, దాన్ని స్వీకరించేది ఆమ్లమనీ జి.ఎన్. లూయీ 1923లో ప్రతిపాదించిన నిర్వచనం మీకు తెలిసిందే. ఈ నిర్వచనానికి ఉదాహరణ అడగగానే మనకు గుర్తొచ్చేది అమోనియా, బోరాన్ ట్రైఫ్లోరైడ్‌ల చర్య. నైట్రోజన్ మీది ఒంటరి జంట బోరాన్ ఖాళీ ఆర్బిటాల్‌లోకి చేరి సమన్వయ సమయోజనీయ బంధం ఏర్పడుతుంది. తెల్లని ఘనపదార్థం వస్తుంది. ఇక్కడ బంధం ఏర్పడిందా లేదా అన్న సందేహానికి తావులేదు.

ఇప్పుడు మరో ప్రయోగాన్ని చూడండి. ఒక పరీక్షనాళికలో హెక్సేన్, ఇంకొక దానిలో డైఇథైల్ ఈథర్ తీసుకొని రెండింటిలోనూ చిన్న అయోడిన్ స్ఫటికం వేయండి. హెక్సేన్‌లో ద్రావణం ఊదారంగులో ఉంటుంది. అయోడిన్ బాష్పం రంగు కూడా అదే. ఈథర్‌లో మాత్రం గోధుమరంగు వస్తుంది. ఈథర్‌ను బాష్పీభవనం చెందిస్తే అయోడిన్ తిరిగి అయోడిన్‌గానే దొరుకుతుంది. అంటే శాశ్వతమైన రసాయన మార్పేదీ జరగలేదు. అయినా రంగు మారింది కాబట్టి ఏమీ జరగలేదని కూడా అనలేం.

ఈథర్‌లోని ఆక్సిజన్ తన ఒంటరి జంటను అయోడిన్ అణువు వైపు కొద్దిగా మళ్లిస్తుంది. అంతవరకే. పూర్తి బంధం ఏర్పడదు. ఇలాంటి చర్యలను సమయోజనీయేతర లూయీ ఆమ్ల–క్షార అన్యోన్యచర్యలు అంటారు. ఇవి ఎంత బలంగా ఉంటాయి, ఆ బలాన్ని ఎలా కొలుస్తారు, దాన్ని ఏవి నిర్ణయిస్తాయి అనే మూడు ప్రశ్నలకు ఈ యూనిట్ సమాధానం ఇస్తుంది.

9.2 పూర్తి బంధానికీ, బలహీన ఆకర్షణకూ మధ్య

సమయోజనీయ, సమయోజనీయేతర అన్న రెండు మాటలు వినగానే వాటి మధ్య గోడ ఉన్నట్లు అనిపిస్తుంది. ప్రకృతిలో అలాంటి గోడ లేదు. బోరాన్ ట్రైఫ్లోరైడ్ వాయుస్థితిలో వేరువేరు నైట్రోజన్ క్షారాలతో కలిసినప్పుడు బోరాన్–నైట్రోజన్ దూరాలు ఇలా ఉన్నాయి:

పట్టిక 9.1 – బోరాన్ ట్రైఫ్లోరైడ్ సంశ్లిష్టాలలో బోరాన్–నైట్రోజన్ దూరం (వాయుస్థితి)

నైట్రోజన్ అణువుతో – సుమారు 288 పికోమీటర్లు
హైడ్రోజన్ సయనైడ్‌తో – సుమారు 247 పికోమీటర్లు
అసిటోనైట్రైల్‌తో – సుమారు 201 పికోమీటర్లు
అమోనియాతో – సుమారు 167 పికోమీటర్లు

ఆమ్లం ఒక్కటే. దానం చేసే పరమాణువు అన్నిట్లోనూ నైట్రోజనే. అయినా పట్టికలో మొదటిది రెండు అణువులు పక్కపక్కన ఉండటం మాత్రమే. చివరిది నిజమైన బంధం. మధ్యలోని రెండూ ఈ రెండు కొసలకూ నడుమ ఉన్నాయి. ఫలానా దూరం దగ్గర సమయోజనీయేతరం ముగిసి సమయోజనీయం మొదలవుతుందని గీత గీయలేం.

పట్టికలోని మూడో ఉదాహరణలో ఇంకో విశేషం ఉంది. అసిటోనైట్రైల్–బోరాన్ ట్రైఫ్లోరైడ్ సంశ్లిష్టాన్ని ఘనస్థితిలో పరిశీలిస్తే బోరాన్–నైట్రోజన్ దూరం 163 పికోమీటర్లే. వాయుస్థితిలో 201 ఉన్నది స్ఫటికంలో 163కు తగ్గింది. చుట్టూ ఉన్న ధ్రువ అణువుల విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్ జంట మరింతగా బోరాన్ వైపు జరగడానికి తోడ్పడటమే దీనికి కారణం. కాబట్టి బలం గురించి మాట్లాడేటప్పుడు ఏ ఆమ్లం, ఏ క్షారం అన్నది చెబితే సరిపోదు. అవి ఏ స్థితిలో, ఏ యానకంలో ఉన్నాయన్నది కూడా చెప్పాలి.

9.3 అయోడిన్ లూయీ ఆమ్లం ఎలా అవుతుంది?

బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్‌కు అష్టకం పూర్తికాలేదు. కాబట్టి అది ఎలక్ట్రాన్ జంటను స్వీకరిస్తుందంటే సులభంగా అర్థమవుతుంది. అయోడిన్ అణువులో ప్రతి పరమాణువుకూ అష్టకం పూర్తయింది. పైగా ఒక్కొక్క దానిమీద మూడేసి ఒంటరి జంటలున్నాయి. ఇన్ని ఎలక్ట్రాన్లున్న అణువు ఆమ్లం ఎలా అవుతుంది? దీన్ని రెండు విధాలుగా వివరిస్తారు.

(అ) ఆవేశ బదిలీ వివరణ: అయోడిన్ అణువులో రెండు పరమాణువుల మధ్య ఉన్న సిగ్మా బంధానికి జోడుగా ఒక ఖాళీ సిగ్మా అపబంధక ఆర్బిటాల్ ఉంటుంది. దాని శక్తి మరీ ఎక్కువేమీ కాదు. క్షారం ఒంటరి జంటలో కొంత భాగం ఈ ఆర్బిటాల్‌లోకి చేరుతుంది. బెంజీన్‌లో అయోడిన్‌ను కరిగించినప్పుడు అతినీలలోహిత ప్రాంతంలో, 297 నానోమీటర్ల వద్ద, బలమైన కొత్త శోషణ పట్టీ కనిపిస్తుందని బెనెసి, హిల్డెబ్రాండ్‌లు 1949లో ప్రకటించారు. ఆ పట్టీ బెంజీన్‌దీ కాదు, అయోడిన్‌దీ కాదు. రెండూ కలిసిన సంశ్లిష్టానిది. కాంతిని శోషించినప్పుడు ఎలక్ట్రాన్ దాత నుంచి గ్రహీతకు మారడం వల్ల ఈ పట్టీ వస్తుందని ఆర్.ఎస్. మల్లికెన్ 1952లో సిద్ధాంతీకరించాడు.

గోధుమరంగుకు కారణం కూడా ఇక్కడే ఉంది. అపబంధక ఆర్బిటాల్ క్షారపు ఆర్బిటాల్‌తో అన్యోన్యచర్య జరపడంతో దాని శక్తి కొద్దిగా పెరుగుతుంది. అయోడిన్ దృగ్గోచర కాంతిని శోషించడానికి ఎలక్ట్రాన్ ఆ ఆర్బిటాల్‌కే చేరాలి. ఇప్పుడు అందుకు ఎక్కువ శక్తి కావాలి. అందువల్ల సుమారు 520 నానోమీటర్ల వద్ద ఉన్న శోషణ, ఈథర్‌లో సుమారు 460 నానోమీటర్లకు జరుగుతుంది. మన కంటికి ఊదారంగు గోధుమరంగుగా కనిపిస్తుంది.

(ఆ) స్థిరవిద్యుత్ వివరణ: అయోడిన్ పరమాణువు మీది మూడు ఒంటరి జంటలు బంధ అక్షం చుట్టూ నడుముకు కట్టిన పట్టీలా పరుచుకొని ఉంటాయి. బంధానికి ఎదురు కొసన, అంటే అక్షం కొనసాగే దిశలో, ఎలక్ట్రాన్ సాంద్రత తక్కువ. అక్కడ ధనావేశం గల చిన్న ప్రాంతం ఏర్పడుతుంది. దీన్ని సిగ్మా రంధ్రం అంటారు. క్షారం సరిగ్గా ఈ చోటికే వస్తుంది. అందుకే క్షార పరమాణువు, రెండు అయోడిన్ పరమాణువులు దాదాపు ఒకే సరళరేఖలో ఉంటాయి.

నార్వే శాస్త్రవేత్త ఆడ్ హాసెల్ 1954లో బ్రోమిన్–డైఆక్సేన్ స్ఫటికాన్ని పరిశీలించినప్పుడు ఈ సరళరేఖ అమరికే కనిపించింది. ఆక్సిజన్, బ్రోమిన్‌ల మధ్య దూరం 271 పికోమీటర్లు. వాటి వాన్ డర్ వాల్ వ్యాసార్ధాల మొత్తం దాదాపు 337 పికోమీటర్లు. రెండూ అంతకంటే ఎంతో దగ్గరగా వచ్చాయన్న మాట. హాలోజెన్ పరమాణువు ఇలా గ్రహీతగా పనిచేసే అన్యోన్యచర్యను ఇప్పుడు హాలోజెన్ బంధం అంటున్నాం. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య దీనికి 2013లో అధికారిక నిర్వచనం ఇచ్చింది. ఆ నిర్వచన పత్రానికి మొదటి రచయిత గౌతమ్ ఆర్. దేశిరాజు. ఆయన బెంగళూరు వెళ్లకముందు చాలాకాలం హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు.

9.4 బలాన్ని తెలిపే రాశులు

ఒక అన్యోన్యచర్య బలమైనది అనడానికి మూడు రకాల ఆధారాలు చూపవచ్చు. వాటిని ఒకదానికి బదులు మరొకటి వాడకూడదు.

1. సమతాస్థితి స్థిరాంకం: అయోడిన్, క్షారం కలిసి సంశ్లిష్టం ఏర్పడే చర్యకు సమతాస్థితి స్థిరాంకాన్ని ‘కె’ అని రాద్దాం. సంశ్లిష్టం గాఢతను, స్వేచ్ఛగా ఉన్న అయోడిన్, క్షారాల గాఢతల లబ్ధంతో భాగిస్తే కె వస్తుంది. దీని ప్రమాణం లీటర్/మోల్. ఎన్ని అణువులు జతకట్టి ఉన్నాయో ఇది చెబుతుంది. గిబ్స్ స్వేచ్ఛాశక్తి మార్పును కె నుంచే లెక్కిస్తారు. 25° సె. వద్ద కె పది రెట్లు పెరిగితే స్వేచ్ఛాశక్తి మార్పు 5.7 కి.జౌ./మోల్ మేరకు మరింత ఋణాత్మకమవుతుంది.

2. ఎంథాల్పీ మార్పు: ఒక మోల్ సంశ్లిష్టం ఏర్పడినప్పుడు వెలువడే ఉష్ణం ఇది. అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకొన్నాయో దీన్నిబట్టి తెలుస్తుంది. కెలోరీమీటర్‌తో నేరుగా కొలవవచ్చు. లేదా వేరువేరు ఉష్ణోగ్రతల వద్ద కె విలువలు కనుక్కొని వాంట్ హాఫ్ సమీకరణం ద్వారా లెక్కించవచ్చు.

3. నిర్మాణ మార్పు: దాత–గ్రహీత దూరం ఎంత తగ్గింది, గ్రహీతలోని పాత బంధం ఎంత సాగింది అన్నవి స్ఫటిక నిర్మాణం నుంచి తెలుస్తాయి. వాయుస్థితిలో అయోడిన్–అయోడిన్ దూరం 267 పికోమీటర్లు. ట్రైమిథైల్ ఎమీన్‌తో ఏర్పడిన సంశ్లిష్టంలో అది 283 పికోమీటర్లకు సాగింది. నైట్రోజన్–అయోడిన్ దూరం 227 పికోమీటర్లకు తగ్గింది.

పట్టిక 9.2 – అయోడిన్ సంశ్లిష్టాలకు సుమారు విలువలు (ధ్రువం కాని ద్రావణులలో, గది ఉష్ణోగ్రత పరిసరాల్లో)

బెంజీన్ – వెలువడే ఉష్ణం 5 నుంచి 6 కి.జౌ./మోల్, కె సుమారు 0.15
డైఇథైల్ ఈథర్ – 18 కి.జౌ./మోల్, కె సుమారు 1
పిరిడీన్ – 33 కి.జౌ./మోల్, కె సుమారు 100
ట్రైఇథైల్ ఎమీన్ – 50 కి.జౌ./మోల్, కె కొన్ని వేలు

ఈథర్ వరసను గమనించండి. 18 కి.జౌ. ఉష్ణం వెలువడుతున్నా కె దాదాపు 1 మాత్రమే. అంటే ప్రమాణ స్వేచ్ఛాశక్తి మార్పు దాదాపు సున్న. వెలువడిన ఉష్ణం ఏమైంది? విడిగా తిరిగే రెండు అణువులు ఒకటిగా కలిసినప్పుడు వాటి స్వేచ్ఛ తగ్గుతుంది. ఎంట్రోపీ పడిపోతుంది. ఎంథాల్పీ వల్ల వచ్చిన లాభం ఈ ఎంట్రోపీ నష్టంతో సరిపోయింది. బలహీన అన్యోన్యచర్యలన్నిటిలోనూ ఈ జమాఖర్చును గుర్తుంచుకోవాలి. ఆకర్షణ ఉన్నంత మాత్రాన ద్రావణంలో సంశ్లిష్టం ఎక్కువగా ఉంటుందని చెప్పలేం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) అయోడిన్ ఈథర్‌లో గోధుమరంగుగా ఎందుకు కనిపిస్తుంది?
(ఆ) ఎంథాల్పీ మార్పు ఋణాత్మకంగా ఉన్నా కె చిన్నదిగా ఉండటానికి కారణమేమిటి?

9.5 సమతాస్థితి స్థిరాంకాన్ని కనుక్కోవడం

సంశ్లిష్టాన్ని సీసాలో పెట్టి తూచలేం. వేరు చేయబోతే అది విడిపోతుంది. కాబట్టి అది ద్రావణంలో ఉండగానే, కాంతి శోషణ ద్వారా దాని పరిమాణాన్ని తెలుసుకోవాలి. ఇందుకు బెనెసి–హిల్డెబ్రాండ్ పద్ధతి ఉపయోగపడుతుంది.

పద్ధతి ఇది. అన్ని ద్రావణాలలోనూ అయోడిన్ గాఢతను చాలా తక్కువగా, ఒకే విలువ వద్ద ఉంచాలి. క్షారాన్ని అయోడిన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తీసుకొని, దాని గాఢతను ద్రావణానికీ ద్రావణానికీ మార్చాలి. సంశ్లిష్టం మాత్రమే శోషించే తరంగదైర్ఘ్యం వద్ద శోషణను కొలవాలి. క్షారం ఎక్కువగా ఉంది కాబట్టి సంశ్లిష్టంలోకి పోయిన క్షారాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. అప్పుడు కింది సంబంధం వర్తిస్తుంది:

1/శోషణ = (1/గరిష్ఠ శోషణ) + (1/గరిష్ఠ శోషణ) × (1/కె) × (1/క్షారం గాఢత)

గరిష్ఠ శోషణ అంటే అయోడిన్ అంతా సంశ్లిష్టంగా మారితే వచ్చే శోషణ. క్షారం గాఢత విలోమాన్ని అడ్డ అక్షం మీద, శోషణ విలోమాన్ని నిలువు అక్షం మీద తీసుకొని రేఖాపటం గీస్తే సరళరేఖ వస్తుంది. దాని అంతరఖండాన్ని వాలుతో భాగిస్తే కె వస్తుంది.

సాధించిన సమస్య: ఒక క్షారానికి అభ్యాసం కోసం ఇచ్చిన విలువలు ఇవి. అయోడిన్ గాఢత అన్ని ద్రావణాలలోనూ ఒకటే.

క్షారం 0.25 మోల్/లీటర్ – శోషణ 0.167
క్షారం 0.50 మోల్/లీటర్ – శోషణ 0.250
క్షారం 1.00 మోల్/లీటర్ – శోషణ 0.333

సాధన: గాఢత విలోమాలు వరసగా 4, 2, 1. శోషణ విలోమాలు వరసగా 6, 4, 3. గాఢత విలోమం 1 నుంచి 4కు, అంటే 3 ప్రమాణాలు పెరిగినప్పుడు శోషణ విలోమం 3 నుంచి 6కు, అంటే 3 ప్రమాణాలు పెరిగింది. కాబట్టి వాలు 1. గాఢత విలోమం 1 వద్ద శోషణ విలోమం 3 కాబట్టి, గాఢత విలోమం సున్న వద్ద అది 3 – 1 = 2. ఇదే అంతరఖండం. అందువల్ల కె = 2/1 = 2 లీటర్/మోల్. గరిష్ఠ శోషణ 1/2 = 0.5. 25° సె. వద్ద ప్రమాణ స్వేచ్ఛాశక్తి మార్పు సుమారు –1.7 కి.జౌ./మోల్.

జవాబు వచ్చింది కదా అని ఆగకండి. ఆ జవాబును ఎంతవరకు నమ్మవచ్చో కూడా చూడాలి. పై సమస్యలో అయోడిన్‌లో మూడోవంతు నుంచి మూడింట రెండు వంతుల వరకు సంశ్లిష్టంగా మారింది. అందువల్ల రేఖ వాలు, అంతరఖండం రెండూ స్పష్టంగా తెలిశాయి. కె విలువ 0.05 మాత్రమే అయితే? 1 మోల్/లీటర్ క్షారం వేసినా అయోడిన్‌లో 5 శాతం కూడా జతకట్టదు. రేఖ దాదాపు మూలబిందువు మీదుగా పోతుంది. అంతరఖండం కొలత దోషంలో కలిసిపోతుంది. అప్పుడు కె, గరిష్ఠ శోషణల లబ్ధం మాత్రమే తెలుస్తుంది. రెండింటినీ విడదీయలేం. క్షారం గాఢత ఇంకా పెంచుదామంటే అసలు ద్రావణి స్వభావమే మారిపోతుంది. కాబట్టి మరీ బలహీనమైన సంశ్లిష్టాలకు ఇచ్చిన కె విలువలను జాగ్రత్తగా తీసుకోవాలి. సంశ్లిష్టం జతకట్టిన శాతం సుమారు 20 నుంచి 80 మధ్య ఉండేలా ప్రయోగాన్ని రూపొందించుకోవడం మంచి పద్ధతి.

9.6 బలాన్ని నిర్ణయించే అంశాలు

(1) గ్రహీత స్వభావం: హాలోజెన్ బంధంలో సాధారణంగా ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ వరసలో బలం పెరుగుతుంది. పరమాణువు పెద్దదయ్యేకొద్దీ దాని ఎలక్ట్రాన్ మేఘం సులభంగా రూపు మార్చుకొంటుంది. సిగ్మా రంధ్రం కూడా పెద్దదవుతుంది. హాలోజెన్‌కు అవతలి వైపు ఎలక్ట్రాన్లను లాగే సమూహం ఉంటే బలం ఇంకా పెరుగుతుంది. అయోడిన్ మోనోక్లోరైడ్‌లో క్లోరిన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కొంటుంది. అందుకే పిరిడీన్‌తో దాని కె విలువ, అయోడిన్‌కు ఉన్న విలువ కంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ.

(2) దాత స్వభావం: ఒంటరి జంట ఎంత సులభంగా అందుబాటులో ఉంటే అంత బలం. ఆక్సిజన్ ఎక్కువ ఋణవిద్యుదాత్మకత గలది. తన ఒంటరి జంటను గట్టిగా పట్టుకొని ఉంటుంది. నైట్రోజన్ అంత గట్టిగా పట్టుకోదు. బెంజీన్‌లో ఒంటరి జంటలే లేవు. దానం చేయవలసింది పై ఎలక్ట్రాన్ మేఘమే. పట్టిక 9.2లో బెంజీన్, ఈథర్, పిరిడీన్ల క్రమానికి ఇదే ప్రధాన కారణం.

(3) ప్రాదేశిక అవరోధం: పిరిడీన్‌లో నైట్రోజన్‌కు రెండు పక్కలా మిథైల్ సమూహాలను చేరిస్తే 2,6-డైమిథైల్ పిరిడీన్ వస్తుంది. ప్రోటాన్ పట్ల ఇది పిరిడీన్ కంటే బలమైన క్షారం. కాని ట్రైమిథైల్ బోరాన్‌తో పిరిడీన్ సంశ్లిష్టాన్ని ఇస్తుంది, ఇది ఇవ్వదు. హెచ్.సి. బ్రౌన్, అతని సహచరులు 1942లో ఈ విషయాన్ని గమనించారు. ప్రోటాన్ చాలా చిన్నది కాబట్టి ఇరుకులోకి దూరగలదు. బోరాన్ చుట్టూ ఉన్న మూడు మిథైల్ సమూహాలు అలా దూరలేవు.

(4) రూపం మార్చుకోవడానికి అయ్యే ఖర్చు: బోరాన్ ట్రైఫ్లోరైడ్ సమతల అణువు. బలమైన బంధం ఏర్పడాలంటే అది పిరమిడ్ ఆకారానికి వంగాలి. అందుకు శక్తి కావాలి. బంధం వల్ల వచ్చే లాభంలోంచి ఈ ఖర్చు పోగా మిగిలేదే మనం కొలిచే విలువ.

(5) యానకం: ద్రావణి కూడా ఒక లూయీ ఆమ్లమో క్షారమో కావచ్చు. అప్పుడది మనం కొలవదలచిన జతతో పోటీ పడుతుంది. అందుకే ఇలాంటి కొలతలకు హెక్సేన్, సైక్లోహెక్సేన్ వంటి ఉదాసీన ద్రావణులను ఎన్నుకొంటారు.

9.7 ఒక్క కొలబద్ద చాలుతుందా?

క్షారాలన్నిటినీ బలహీనం నుంచి బలానికి ఒకే వరసలో నిలబెట్టగలిగితే ఎంతో సౌకర్యం. వియన్నాకు చెందిన విక్టర్ గుట్‌మన్ 1966లో అలాంటి కొలబద్దనే ప్రతిపాదించాడు. ఆంటిమొని పెంటాక్లోరైడ్‌ను ప్రమాణ ఆమ్లంగా తీసుకొని, 1,2-డైక్లోరోఈథేన్‌లో అది ఒక్కొక్క క్షారంతో కలిసినప్పుడు వెలువడే ఉష్ణాన్ని కిలోకేలరీలలో కొలిచాడు. ఆ సంఖ్యే దాత సంఖ్య. నైట్రోమీథేన్‌కు 2.7, అసిటోనైట్రైల్‌కు 14.1, అసిటోన్‌కు 17.0, డైఇథైల్ ఈథర్‌కు 19.2, డైమిథైల్ సల్ఫాక్సైడ్‌కు 29.8, పిరిడీన్‌కు 33.1. ద్రావణులను పోల్చడానికి ఈ సంఖ్యలు నేటికీ వాడుకలో ఉన్నాయి.

అయితే ప్రమాణ ఆమ్లాన్ని మారిస్తే ఇదే వరస నిలుస్తుందా? రెండు పరీక్షలు చేద్దాం.

మొదటి పరీక్ష: నీటిలో ప్రోటాన్ పట్ల అమోనియా, పిరిడీన్‌లను పోల్చండి. వాటి సంయుగ్మ ఆమ్లాల పీకేఏ విలువలు వరసగా 9.25, 5.2. అంటే అమోనియా దాదాపు పది వేల రెట్లు బలమైన క్షారం. ఇప్పుడు అయోడిన్ పట్ల చూడండి. అమోనియాతో వెలువడే ఉష్ణం సుమారు 20 కి.జౌ./మోల్. పిరిడీన్‌తో సుమారు 33. వరస తలకిందులైంది. పీకేఏ పట్టిక చూసి అయోడిన్ సంశ్లిష్టం బలాన్ని ఊహించే విద్యార్థికి ఇక్కడ తప్పు జవాబు వస్తుంది.

రెండో పరీక్ష: డైఇథైల్ ఈథర్, డైఇథైల్ సల్ఫైడ్. ఒకదానిలో ఆక్సిజన్, మరోదానిలో సల్ఫర్. మిగతా అంతా ఒకటే. ఫీనాల్‌కు తన హైడ్రాక్సిల్ హైడ్రోజన్ ద్వారా ఈథర్‌తో బలమైన అన్యోన్యచర్య ఉంటుంది. అయోడిన్‌కు సల్ఫైడ్‌తో బలమైన అన్యోన్యచర్య ఉంటుంది. మరి ఈ రెండు క్షారాలలో ఏది బలమైనది? ఈ ప్రశ్నకు ఇలాగే అడిగితే జవాబు లేదు. ఏ ఆమ్లం పట్ల అని కూడా చేర్చి అడగాలి.

పియర్సన్ 1963లో ప్రతిపాదించిన కఠిన–మృదు ఆమ్ల–క్షార భావన ఈ తేడాను గుణాత్మకంగా వివరిస్తుంది. డ్రాగో, వేలాండ్‌లు 1965లో దానికి సంఖ్యా రూపం ఇచ్చారు. ప్రతి ఆమ్లానికీ, ప్రతి క్షారానికీ ఒక్కటి కాదు, రెండేసి సంఖ్యలు కావాలన్నారు. ‘ఇ’ స్థిరవిద్యుత్ ధోరణిని తెలుపుతుంది. ‘సి’ సమయోజనీయ ధోరణిని తెలుపుతుంది.

వెలువడే ఉష్ణం = (ఆమ్లం ఇ × క్షారం ఇ) + (ఆమ్లం సి × క్షారం సి)

ఫలితం కిలోకేలరీ/మోల్‌లో వస్తుంది. అయోడిన్‌కు ఇ = 1.00, సి = 1.00 అని ప్రమాణంగా తీసుకొన్నారు. ఫీనాల్‌కు ఇ = 4.33, సి = 0.442. డైఇథైల్ ఈథర్‌కు ఇ = 0.963, సి = 3.25. డైఇథైల్ సల్ఫైడ్‌కు ఇ = 0.339, సి = 7.40.

ఈ విలువలను ప్రతిక్షేపిద్దాం:

అయోడిన్ + ఈథర్: 0.96 + 3.25 = 4.2
అయోడిన్ + సల్ఫైడ్: 0.34 + 7.40 = 7.7
ఫీనాల్ + ఈథర్: 4.17 + 1.44 = 5.6
ఫీనాల్ + సల్ఫైడ్: 1.47 + 3.27 = 4.7

ప్రయోగంలో వచ్చిన విలువలు ఇదే క్రమంలో సుమారుగా 4.2, 7.8, 6.0, 4.6. లెక్క ప్రతి సంఖ్యనూ అచ్చంగా చెప్పలేకపోయినా, వరస ఎక్కడ మారుతుందో సరిగ్గా చూపింది. ఒకే సంఖ్య గల కొలబద్ద ఎంత జాగ్రత్తగా తయారుచేసినా ఈ మలుపును చూపలేదు. రెండు క్షారాల వరస ఆమ్లాన్నిబట్టి మారుతోందంటే కనీసం రెండు గుణాలను లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఈ సమీకరణానికి కూడా హద్దులున్నాయి. ప్రాదేశిక అవరోధం దీనిలో లేదు. యానకం ప్రభావం లేదు. ఇది ఎంథాల్పీని మాత్రమే చెబుతుంది. ఎంట్రోపీని చెప్పదు కాబట్టి దీని నుంచి కె విలువను నేరుగా రాయలేం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) పిరిడీన్‌కు ఇ = 1.17, సి = 6.40. ఫీనాల్–పిరిడీన్ సంశ్లిష్టం ఏర్పడేటప్పుడు వెలువడే ఉష్ణాన్ని లెక్కించండి.
(ఆ) దాత సంఖ్యను కొలవడానికి వాడే ప్రమాణ ఆమ్లం ఏది?

9.8 అనువర్తనాలు

అయోడిన్ నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. పొటాషియం అయొడైడ్ కలిపితే బాగా కరుగుతుంది. అయొడైడ్ అయాన్ లూయీ క్షారంగా, అయోడిన్ ఆమ్లంగా పనిచేసి ట్రైఅయొడైడ్ ఏర్పడటమే కారణం. 25° సె. వద్ద నీటిలో ఈ చర్యకు కె సుమారు 700. అయోడిమితి అంశమాపనాలకు మీరు ప్రయోగశాలలో తయారుచేసే ద్రావణం ఇదే. ఈ చర్య ఉత్క్రమణీయం కాబట్టి, అంశమాపనంలో స్వేచ్ఛా అయోడిన్ ఖర్చవుతున్నకొద్దీ ట్రైఅయొడైడ్ నుంచి కొత్తది విడుదలవుతూ ఉంటుంది. సంశ్లిష్టం మరీ బలమైనదైతే ఈ ద్రావణం మనకు ఇంత ఉపయోగపడేది కాదు.

హైడ్రోబోరేషన్‌కు కావలసిన బోరేన్‌ను టెట్రాహైడ్రోఫ్యూరాన్‌తోగాని, డైమిథైల్ సల్ఫైడ్‌తోగాని కలిపిన సంశ్లిష్టంగా అమ్ముతారు. వీటిలో డైమిథైల్ సల్ఫైడ్ సంశ్లిష్టమే ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది. ఇది పూర్తి సమన్వయ బంధానికి ఉదాహరణే అయినా, సల్ఫర్, ఆక్సిజన్‌లలో ఏది మేలన్నది ఆమ్లాన్నిబట్టి తేలుతుందన్న 9.7లోని పాఠమే ఇక్కడా కనిపిస్తుంది.

మన శరీరంలో థైరాక్సిన్ హార్మోన్ అణువుకు నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. దాన్ని రక్తంలో మోసే ప్రోటీన్‌తో అది కలిసే చోట, అయోడిన్‌కూ ప్రోటీన్‌లోని ఆక్సిజన్‌కూ మధ్య హాలోజెన్ బంధాలు గుర్తించారు. కొత్త ఔషధాల రూపకల్పనలో క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ పరమాణువుల స్థానాన్ని నిర్ణయించేటప్పుడు ఈ అవగాహనను ఉపయోగిస్తున్నారు.

ప్రాదేశిక అవరోధం వల్ల జతకట్టలేని ఆమ్ల–క్షారాలు కూడా నిరుపయోగం కావు. అలాంటి జత హైడ్రోజన్ అణువును చీల్చగలదనీ, ఆ చర్య ఉత్క్రమణీయమనీ డగ్లస్ స్టెఫాన్ బృందం 2006లో చూపింది. లోహం లేని ఉత్ప్రేరకాలకు అది దారి తీసింది. 1942లో ‘చర్య జరగలేదు’ అని రాసుకొన్న తరహా పరిశీలనకు ఇంత ప్రయోజనం ఉందని తెలియడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.

9.9 సారాంశం

లూయీ ఆమ్ల–క్షార అన్యోన్యచర్యలు బలహీన ఆకర్షణ నుంచి పూర్తి బంధం వరకు ఎడతెగకుండా వ్యాపించి ఉంటాయి. అయోడిన్ వంటి హాలోజెన్ అణువులు సిగ్మా అపబంధక ఆర్బిటాల్ ద్వారా, సిగ్మా రంధ్రం ద్వారా గ్రహీతలుగా పనిచేస్తాయి. సమతాస్థితి స్థిరాంకం ఎంత జతకట్టిందో చెబుతుంది. ఎంథాల్పీ ఎంత గట్టిగా జతకట్టిందో చెబుతుంది. బంధ దూరాలు జతకట్టిన తీరును చూపుతాయి. గ్రహీత, దాతల స్వభావం, ప్రాదేశిక అవరోధం, రూపం మార్పు, యానకం బలాన్ని నిర్ణయిస్తాయి. బలం అనేది క్షారానికి మాత్రమే చెందిన గుణం కాదు. అది జతకు చెందిన గుణం. కాబట్టి ఏ ఆమ్లంతో, ఏ యానకంలో, ఏ రాశితో కొలిచారో చెప్పినప్పుడే ‘ఇది బలమైన క్షారం’ అన్న వాక్యానికి అర్థం ఉంటుంది.

9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. (అ) ఈథర్ ఆక్సిజన్‌తో అన్యోన్యచర్య వల్ల అయోడిన్ అపబంధక ఆర్బిటాల్ శక్తి పెరిగి, శోషణ తక్కువ తరంగదైర్ఘ్యానికి జరుగుతుంది. (ఆ) రెండు అణువులు ఒకటిగా కలిసినప్పుడు ఎంట్రోపీ తగ్గుతుంది. అది ఎంథాల్పీ లాభాన్ని రద్దుచేస్తుంది.

2. (అ) 5.07 + 2.83 = 7.9 కిలోకేలరీ/మోల్, అంటే సుమారు 33 కి.జౌ./మోల్. (ఆ) ఆంటిమొని పెంటాక్లోరైడ్.

9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. అయోడిన్ లూయీ ఆమ్లంగా పనిచేసే తీరును ఆవేశ బదిలీ, స్థిరవిద్యుత్ వివరణల సాయంతో చర్చించండి.
2. లూయీ క్షారాల బలాన్ని ఒకే సంఖ్యతో చెప్పడం ఎందుకు సాధ్యం కాదో తగిన దత్తాంశాలతో నిరూపించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. బెనెసి–హిల్డెబ్రాండ్ పద్ధతిని, దాని పరిమితులను వివరించండి.
2. 2,6-డైమిథైల్ పిరిడీన్ ట్రైమిథైల్ బోరాన్‌తో సంశ్లిష్టాన్ని ఎందుకు ఇవ్వదు?
3. అసిటోనైట్రైల్–బోరాన్ ట్రైఫ్లోరైడ్ సంశ్లిష్టంలో బంధ దూరం వాయు, ఘనస్థితులలో వేరుగా ఉండటం నుంచి మీరు ఏం గ్రహిస్తారు?